ఒక స్థిరాంకం గురించి

కపాలం కిటికీల్లేని గది.
మెదడు, నెత్తురు, చుట్టూ ఉండే ఆ కాస్త నీరు,
ముగ్గురే అద్దెకున్నారు.
ఒకరు ఒళ్ళు చేస్తే
ఇంకొకరు బయటికి జరగాల్సిందే.
మొదటి సమీకరణం ఇంతే.
ఒక పూటలో రాసేశాను.
మిగతా పదకొండింటికీ నాలుగేళ్ళు.

తార్తులో జనవరి. నాలుగింటికే వీధి దీపాలు.
కింద ఎమాయొగి నది సగం గడ్డకట్టి
మిగతా సగం ఇంకా మనసు తేల్చుకోలేదు.
ఏడో మంచం మీద హెల్దుర్.
ఆవిరిస్నానాల కొట్టం కప్పు మీద మంచు తోస్తూ
జారి, రాతిమెట్టుకి తల కొట్టుకున్నాడు.
యాభై తొమ్మిదేళ్ళు. నీటిమిల్లు నడిపేవాడు.

ఇప్పుడు ఊపిరి అతనిది కాదు.
నిమిషానికి పద్నాలుగుసార్లు
మిషను గాలి నెడుతుంది, ఆగుతుంది, వదిలేస్తుంది.
మనం పీల్చుకుంటే రొమ్ములో చోటు పుడుతుంది,
పై నెత్తురు పిలిచినట్టు కిందికి దిగివస్తుంది.
మిషనుకి పిలవడం రాదు.
అది నెట్టినప్పుడల్లా
దిగాల్సిన నెత్తురు గుమ్మంలో తటపటాయిస్తుంది,
తెర మీద చిన్న అల లేస్తుంది.
ఆ అల రేపు ఎంతెత్తు లేస్తుందో
ఇవాళే చెప్పడం నా ఉద్యోగం.

అతని చెల్లెలి పేరు లైనే.
మా భాషలో ఆ మాటకి అల అనే అర్థం.
నేనేం చేస్తానో అడిగింది, చెప్పబోయాను,
సగంలోనే అందుకుంది:
"మా మిల్లు అడ్డుకట్టలాగా అన్నమాట.
కింద కాలవ ఎంత పొంగినా
పై చెరువుకి తెలీదు.
కట్ట అంచు అందుకుందా,
ఇక ప్రతి జానెడూ తెలుస్తుంది."
నా నాలుగో సమీకరణం అదే,
మూడు గ్రీకు అక్షరాలు తక్కువగా.

పన్నెండో గంట. ఊపిరితిత్తుల అడుగుభాగాలు
ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి.
"అడుగు ఒత్తిడి ఐదు నుంచి పన్నెండుకి పెంచనా?"
డాక్టర్ ఉర్మస్ నా వైపు చూశాడు.
ఊపిరితిత్తులు కావాలంటాయి, మెదడు వద్దంటుంది,
ఒకే మంచం మీద ఇద్దరు రోగులు.
లెక్క వేశాను. తలలో పదిహేడు ఉంది, పంతొమ్మిది దాటదు,
కట్ట అంచు ఇంకా పైనే ఉంది.
"పెంచండి" అన్నాను.

ఇరవై ఒకటి.
ఇరవై నాలుగు.
ఇరవై ఆరు.
అలారం.

నేను తెర వైపే చూస్తున్నాను.
సాగే గుణం తప్పు వేశానా?
నీరు ఇంకే వేగమా?
ఉర్మస్ వేలు మీట మీద ఉంది, నా మాట కోసం.
నా దగ్గర మాట లేదు,
పన్నెండు సమీకరణాలు మాత్రం ఉన్నాయి.

నర్సు విర్వె వచ్చింది.
తెర వైపు చూడనే లేదు.
మనిషి వైపు చూసింది.
గొట్టాన్ని కట్టిన పట్టీ కింద రెండు వేళ్ళు దూర్చి వదులు చేసింది.
ఎడమకి, కిటికీ వైపు ఒరిగిన తలని
రెండు చేతుల్తో, పొంగిన రొట్టెపిండిని ఎత్తినట్టు ఎత్తి
తిన్నగా పెట్టింది.
చెవుల పక్కన చుట్టిన తువ్వాళ్ళు.
ఎనిమిదో మంచం వైపు వెళ్ళిపోయింది.

ఇరవై మూడు.
ఇరవై.
పద్దెనిమిదిన్నర.

తెల్లవారేదాకా నా కాగితాలు తిరగేశాను.
రెండో పేజీ, ఆరో వరుస:
"మెడ సిరల నిరోధం: స్థిరాంకం."
నాలుగేళ్ళ కిందట, బహుశా ఆకలేసినప్పుడు,
త్వరగా ముగించాలని రాసిన మాట.
నా సమీకరణాల్లో మనిషికి
తల ఉంది, రొమ్ము ఉంది,
మెడ లేదు.

విర్వెని అడిగాను: ఎన్ని డిగ్రీలు తిరిగి ఉంది?
"ఏమో. పడుకున్నవాడిలా లేడు,
పడేసినవాడిలా ఉన్నాడు."
దాన్ని ఏ అక్షరంతో రాయాలో ఇంకా తేలలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం
నిమిషంలో పదిహేనో ఊపిరి ఒకటి వచ్చింది,
మిషను ఇవ్వనిది.
వెనకే దగ్గు.
గీత ఒక్కసారిగా నలభై ఒకటికి ఎగిరి
నా వారం పని మీద సిరా ఒలికినట్టు పడి
మళ్ళీ దిగింది.
అలారం ఆపడానికి ఎవరూ తొందరపడలేదు.
లైనే టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

పట్టికలో ఆ నిమిషానికి ఎదురుగా
"దగ్గు, అతనిదే" అని రాశాను.
ప్రమాణం అనే గడి ఖాళీగా వదిలేశాను.